వంశదోషమని చేతులు ముడుచుకొని కూర్చుండవచ్చునా?

గత వేసవి సెలవులలో మేము మా పెదతండ్రిగారిని చూడబోయితిమి. ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు లెక్కలు నేర్పిన యాయన మమ్ము మా తండ్రిగారి పేరున పిలిచిరి. కాఫీ త్రాగిన పది నిమిషములకే, తమకు కాఫీ యియ్యలేదని కోపించిరి. ఇంటివారు మాత్రము, “వారి నాయనగారికిని తుదిదినములలో ఇట్లే యుండెను. అది వంశములోనే యున్నది. మన మేమి చేయగలము?” అని యూరకుండిరి. ఆయనకు ఇరువది యేండ్లుగా మధుమేహమును రక్తపుపోటును గలవు. మాత్రలు జ్ఞాపకమున్ననాడు వేసికొనుట, లేనినాడు మానుటయట! ఆ “ఏమి చేయగలము” అను మాటకు బదులు చెప్పవలెనని మాకు తోచినది.

వంశమునకు పాలు లేదని మే మనము. 1906లో జర్మను వైద్యుడు ఆల్‌జైమరు తొలుత వర్ణించిన స్మృతిభ్రంశవ్యాధి కొన్ని కుటుంబములలో తరతరములుగా దిగుచుండును. కొలంబియా దేశమున ఆంటియోకియా సీమలోని యొక వంశమువారికి, ఒక్క జన్యువు చెడుటచేత, నలుబదియైదేండ్ల ప్రాంతముననే మతి తప్ప నారంభించును. ఇట్టివి మిక్కిలి యరుదు. మనలో పెక్కుమందికి సంబంధించినది 1993లో బయలుపడిన వేరొక సంగతి. అపోఈ అను జన్యువుయొక్క ‘నాలుగు’ అను సంఖ్యగల రూపము తల్లివలననో తండ్రివలననో వచ్చినవారికి అపాయము హెచ్చు. ఇరువురివలనను వచ్చినవారికి మరింత హెచ్చు. అయినను అది కలవారందరికిని వ్యాధి రాదు. లేనివారు తప్పించుకొందురనుటయు లేదు.

ఇచ్చట అమెరికా దేశపు కన్యాస్త్రీల వృత్తాంతమును చెప్పక తీరదు. వారిలో పెక్కురు మావలె ఉపాధ్యాయులే. 1986లో డేవిడ్ స్నోడన్ అను పండితు డారంభించిన పరిశోధనలో నోటర్‌డామ్ సభకు చెందిన 678 మంది సోదరీమణులు చేరి, ఏటేట జ్ఞాపకశక్తి పరీక్షలకు కూర్చుండి, మరణానంతరము తమ మెదడులను శాస్త్రమున కిచ్చుట కంగీకరించిరి. 1997లో ప్రకటింపబడిన ఫలితము మమ్ము నిలువరించినది. ఆల్‌జైమరు వ్యాధి చిహ్నములు మెదడున నున్నవారిలో సయితము కొందరు కడవరకు మతి చెడక జీవించిరి. ఆ చిహ్నములతోపాటు, నెత్తురు అందక చచ్చిన చిన్న చిన్న మచ్చలు మెదడు లోపలి భాగములందు గలవారిలో మాత్రము నూటికి 93 మందికి మతి తప్పెను. అట్టి మచ్చలు లేనివారిలో నూటికి 57 మందికే తప్పెను.

ఆ మచ్చ లెక్కడివి? మెదడు దేహపు బరువులో నూటికి రెండు పాళ్లే యైనను, మనము పీల్చు ప్రాణవాయువులో అయిదవవంతు దానికే కావలెను. దానిని మోయు సన్నని నాళములను రక్తపుపోటు ఏండ్లతరబడి కొట్టి గట్టిపరచును. మధుమేహము వానిని లోలోపల చెరుపును. జన్యువును మార్చుట మన చేతిలో లేదు. పోటును దించుట కొంతవరకైనను మన చేతిలో నున్నది. 2019లో ప్రకటింపబడిన అమెరికా దేశపు పరీక్షలో, మధుమేహము లేని వేలాదిమంది రోగులలో పోటును 120కి లోపల నిలుప యత్నించినవారికి, 140తో తృప్తిపడినవారికంటె, తొలిదశ మతిమరుపు నూటికి 19 వంతులు తక్కువగా నుండెను. పూర్తి స్మృతిభ్రంశము విషయమై మాత్రము ఆ పరీక్ష నిశ్చయముగా చెప్పజాలకపోయెను. వృద్ధులకు ఎంత దింపవలెనో వైద్యుడే నిర్ణయింపవలెను. చక్కెర మితిమీరి పడిపోయినను మెదడునకు కీడే.

కొందరు చదువుకొన్నవారు జన్యుపరీక్షలకు వేలకొలది రూపాయలు వెచ్చించుచున్నారు. వారినే పోటు చూపించుకొంటిరా యని యడిగిన, తీరికలేదందురు! వారిని నిందించుటకు మాకు నోరు చాలదు. మాకును నలుబదియారవ యేడు నడచుచున్నది. పెదతండ్రిగారి యింటినుండి వచ్చిన పిదపనే మేమును చూపించుకొంటిమి. మా పోటు 156. నడివయస్సునందలి పోటే ముదిమియందు మెదడును ఎక్కువ బాధించునని పరిశోధకులు చెప్పుచున్నారు. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు.

విద్యార్థులారా, మీ యిండ్లలో తాతగారో అమ్మమ్మగారో చెప్పిన మాటనే చెప్పుచుండిన నవ్వకుడు. వారి మాత్రల పొట్లమును విప్పి, ఎన్ని మిగిలినవో లెక్కింపుడు. చెవులు సరిగా వినబడుచున్నవో లేదో కనుగొనుడు; చెవుడును ఈ వ్యాధికి దారితీయు కారణములలో నొకటి.

మా పెదతండ్రిగారికి ఇపుడు ఏడవతరగతి చదువు మనుమడు ఉదయమును రాత్రియు మాత్రలనిచ్చి, గోడమీది క్యాలెండరుపై గీతలు గీయుచున్నాడు. పోయిన మతి తిరిగివచ్చినదని మేము చెప్పజాలము. ఆయన యిప్పటికిని మమ్ము మా తండ్రిగారి పేరుననే పిలుచుచున్నారు. కాని గత నెలలో ఆ గీతలను తామే లెక్కపెట్టి, ఒకటి తక్కువైనదని మనుమని మందలించిరట.