ఈ తీగ దేనితో చేశారు మిస్?

ఐదో తరగతిలో ఒక బాబు "స్ట్రింగ్ థియరీ అంటే ఏంటి మిస్?" అని అడిగాడు. ఇంగ్లిష్‌లో చక్కటి నిర్వచనం చెప్పాను. క్లాసంతా అప్పజెప్పింది. ఒక్క ప్రశ్న కూడా రాలేదు.

మర్నాడు టిఫిన్ బాక్సుకు రబ్బరు బ్యాండు తొడిగి మీటాను. మధ్యలో వేలితో నొక్కి మీటితే స్వరం మారింది. అప్పుడు తెలుగులో చెప్పాను: బ్యాండు ఒకటే, స్వరాలు వేరు. అలాగే ఎలక్ట్రాన్ లాంటి కణాలన్నీ కంటికి కనిపించనంత చిన్న తీగలు వేర్వేరుగా కంపించడం వల్లే ఏర్పడతాయని కొందరు శాస్త్రవేత్తల ఊహ. 1968లో ఇటలీకి చెందిన వెనెజియానో రాసిన సూత్రంతో ఈ ఆలోచనకు బీజం పడింది. మన దేశానికి చెందిన అశోక్ సేన్ ఇందులో ప్రపంచ ప్రసిద్ధులు.

వెంటనే ఒక పాప లేచింది. "ఎమ్మిగనూరు మగ్గాల నూలు పత్తితో అవుతుంది. మరి ఈ తీగ దేనితో చేశారు మిస్?"

"దేనితోనూ కాదమ్మా, అంతకన్నా చిన్నది లేదని వాళ్ల ఊహ. ఇంతవరకు ఎవరూ చూడలేదు, ప్రయోగంతో రుజువూ కాలేదు" అన్నాను. క్లాసు నిశ్శబ్దమైంది. ఆ తర్వాత పది చేతులు లేచాయి.

ఇంగ్లిష్ మీడియానికి ఫీజు కడుతున్నాం, తెలుగెందుకని మీరు అడగవచ్చు. ఇంగ్లిష్ నేర్పడం నా బాధ్యతే. కానీ అర్థమైన విషయాన్నే పిల్లలు ఇంగ్లిష్‌లో సొంతంగా రాయగలరు. ఆ పాప వారం తర్వాత అరపేజీ రాసింది, నా నిర్వచనం లేకుండా.

ఇంట్లో మీరూ "అప్పజెప్పు" అనకండి. "నాకు అర్థమయ్యేలా చెప్పు" అనండి.