పేరొకటి, పద్దులు పది

రైతు తన పొలములో నొక్కడే. కాని కచ్చేరీల లెక్కలలో నతడు పదుగురు. ఆధార్ పట్టికలో నతని పేరొక తీరుగ నుండును. రెవెన్యూ వారి వెబ్‌ల్యాండునందును, దానినుండి వెలువడు అడంగలు, 1-బి నకళ్లయందును మఱియొక తీరుగ నుండును. ఈ-పంట నమోదులో నొకటి, బ్యాంకు ఖాతాలో నొకటి, సహకారసంఘపు సభ్యుల రిజిస్టరులో తండ్రినాటి వ్రాత యొకటి. ఇవిగాక 2025వ సంవత్సరమునుండి రైతు సేవా కేంద్రములలో వ్రాయించుకొనుచున్న రైతు గుర్తింపుసంఖ్య యొకటి చేరినది. ఈ పుస్తకములు దేనికదిగా బీరువాలలో పడియున్నంతకాలము వానిలోని భేదములు రైతు నంతగా బాధింపలేదు. గుమాస్తా మనిషి నెఱుగును, మనిషి గుమాస్తా నెఱుగును, పని జరిగిపోయెడిది. నేడట్లు గాదు. ఒక పుస్తకము వేఱొక పుస్తకము నడిగి, అది ఔనన్న పిదపనే రూపాయి కదలుచున్నది. అందుచే ఈ పుస్తకముల నొండొంటితో పొందుపఱచు విధ మెట్లుండవలయునో యను విషయమును మన ముసునూరు ప్రాంతపు రైతులు గట్టుతగవువలెనే తమ సొంత విషయముగా నెంచవలయునని మా యభిప్రాయము.

ఇది దూరపు మాట గాదు. దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరులోనికి మార్చుటకై కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ నెలలో 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. మన రాష్ట్రపు సంఘములును అందు చేరినవి. 2024 సెప్టెంబరులో 2,817 కోట్ల రూపాయలతో నంగీకరింపబడిన డిజిటల్ వ్యవసాయ మిషనుయొక్క పునాదులు మూడు: రైతుల పట్టిక, గ్రామముల పటములు, వేసిన పైరుల పట్టిక. ఈ మూడును ఒకదానితో నొకటి మాటలాడవలయుననియే దాని యుద్దేశము. కావున సంఘపు సభ్యుల రిజిస్టరు ఇక నేకాంతముగా నుండబోదు.

ఈ మార్పునకు మేము విరోధులము గాము. ఊరిలో లేనివాని పేరను అప్పు వ్రాయుట, చనిపోయినవాని వ్రేలిముద్ర పడుట, ఒకే సర్వేనంబరుపై రెండు చోట్ల ఋణము పుట్టుట మొదలగు దుష్కార్యములు సహకారోద్యమమునకు తెచ్చిన యపకీర్తి మనకు తెలియనిది గాదు. పుస్తకములు కలిసి పలికినచో నిట్టివి దాగజాలవు. ఒక మార్పును ఒకచోట తెలిపిన అన్నిచోట్లకును ప్రాకుటచే రైతునకు తిరుగుడు తగ్గును. మేము చెప్పునదెల్ల, కలుపు విధము మంచిదైననే ఫలము మంచిదగు ననుటయే. మామిడితోటల నేలవారికి దీనిని వేఱుగ బోధింప నక్కఱలేదు. టెంకమొక్కకు అంటు కట్టునపుడు తొక్కకు తొక్క సరిగా నతుకుకొనవలయును. ఆ యతుకు తప్పినచో కట్టు ఎంత బిగువైనను కొమ్మ ఎండిపోవును.

అతుకు తప్పిన నేమగునో పి.ఎం. కిసాన్ పథకము చూపినది. 2019 ఫిబ్రవరి 24న ప్రారంభమైన యీ పథకమున భూమిగల రైతుకుటుంబమునకు ఏటికి 6,000 రూపాయలు మూడు వాయిదాలుగా జమయగును. కాని సొమ్ము పడుటకు మూడు ముళ్లు బిగిసియుండవలయును: భూమి వివరము రైతు పేరుతో ముడిపడుట, ఈ-కేవైసీ యను గుర్తింపు పరీక్ష ముగియుట, బ్యాంకు ఖాతా ఆధార్‌తో చేరుట. మూడింటిలో నేది వీడినను వాయిదా నిలిచిపోవును. పొలమున్నది, పంటయున్నది, మనిషి యెదుట నిలిచియున్నాడు. ఐనను పట్టికలో నతడు లేడు.

మూడవ ముడిని గూర్చి పలువు రెఱుగని విషయ మొకటి కలదు. ఆధార్‌ను నమ్మి పంపబడు సొమ్మునకు నేషనల్ పేమెంట్స్ కార్పొరేషను వారి పట్టికలో ఒక్కొక్క ఆధార్ సంఖ్య కెదురుగా ఒక్క బ్యాంకు మాత్రమే యుండును. కడపట నే బ్యాంకులో ఆధార్‌ను ఆ పట్టికకు చేర్పించితిమో సొమ్ము ఆ బ్యాంకునకు పోవును. రైతు రెండవ ఖాతా తెఱచి అందు ఆధార్ చేర్పించి మఱచిపోయినచో, తన పాత పాసుపుస్తకము చూచుకొని సొమ్ము రాలేదని వగచుచుండును. సొమ్ము వేఱొకచోట పడియుండును. ఇందు దొంగ యెవ్వడును లేడు. రెండు పుస్తకములలో ఏది కడపటి మాటయో రైతునకు తెలియకుండుటయే లోపము.

లెక్కలను సరిచూచుట మన దేశమునకు క్రొత్తగాదు. మదరాసు రాజధానిలోని రైతువారీ గ్రామములలో కరణము వ్రాసిన లెక్కలను ఏటేట జమాబందీయందు పై యధికారులు తనిఖీ చేసెడివారు. మార్పులు చదువబడెడివి, రైతు తన యభ్యంతరమును చెప్పుకొనుటకు తావుండెడిది. 1984లో మన రాష్ట్రమున కరణీకము రద్దయినది. అందలి దోషములు మిక్కుటములు. ఆ కాలము మరల రావలెనని మేము కోరము. కాని లెక్క పదిమంది యెదుట చదువబడవలయునను నియమమున నొక న్యాయమున్నది. కంప్యూటరు రాత్రికి రాత్రి చేయు సరిచూపులో ఆ చదువుట లోపించినది. దానిని మరల తెచ్చుకొనుట మన పని.

ఈ పొందుపాటునకు నాలుగు నియమములు వలయునని మేము తలంచుచున్నాము.

మొదటిది: ప్రతి వివరమునకును తల్లిపుస్తక మొక్కటియే యుండవలయును. పేరునకు, పుట్టిన తేదీకి ఆధార్, భూమికి రెవెన్యూ రికార్డు, పైరునకు ఈ-పంట, ఖాతా సంఖ్యకు బ్యాంకు, వాటాధనమునకు, అప్పునకు, సభ్యత్వమునకు మన సంఘపు రిజిస్టరు. నీరు తూము నుండి బోదెలోనికి పాఱునట్లు వివరము తల్లిపుస్తకమునుండి తక్కినవానిలోనికి ప్రవహింపవలయునే గాని యెదురెక్కరాదు. ఇందువలన రైతునకొక ముఖ్యమైన బుద్ధి. పిల్లపుస్తకములో చేయించుకొన్న దిద్దుబాటు నిలువదు. సంఘపు కంప్యూటరులో కార్యదర్శి దయతలచి మీ విస్తీర్ణమును సరిచేసినను, మఱునాడు రెవెన్యూ పట్టిక వచ్చి పాత యంకెనే తిరిగి వ్రాయును. దిద్దుబాటును తల్లిపుస్తకమునందే చేయింపవలయును. అట్లే సంఘపు వివరములను ఇతర శాఖవా రెవ్వరును మన రిజిస్టరుపై వ్రాయరాదు. భూమి అమ్ముకొన్న సభ్యుని పేరు వెబ్‌ల్యాండునుండి పోవచ్చును; అంతమాత్రమున నతని వాటాధనము పోదు, అప్పును తీఱదు. భూమి వేఱు, సభ్యత్వము వేఱు.

రెండవది: మనిషిని సంఖ్యతో పోల్చవలయును గాని పేరుతో గాదు. ఒకే యూరిలో ఒకే యింటిపేరును, ఒకే పేరును గలవారు నలుగురుందురు. తెలుగులో నొకటియైన పేరు ఇంగ్లీషు అక్షరములలో పలు రూపములు దాల్చును. ఒకచోట హెచ్ అక్షరము చేరును, ఒకచోట పోవును. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా నుండును, ఒకచోట పొడియక్షరమై మిగులును. స్త్రీల విషయమున చిక్కు మఱింత యెక్కువ. పుట్టినింటివారు వ్రాసియిచ్చిన భూమి పట్టాలో తండ్రిపేరుండును, ఆధార్‌లో భర్తపేరుండును. ఇట్టి సందేహపు జంటలను యంత్రము తనంతట కలుపరాదు, త్రోసివేయనురాదు. వానిని వేఱుగ నొక జాబితాలో నుంచి, మనిషిని పిలిచి, పత్రములు చూచి తేల్చవలయును.

మూడవది: నోటీసు లేక యే పేరును కొట్టివేయరాదు. సభ్యుడు మరణించినచో ఖాతాను మూయవలయునే గాని తుడిచివేయరాదు. నామినీకి రావలసిన వాటాధనము, వారసులపై నుండు బాధ్యత ఆ పద్దులోనే యున్నవి. ఒకనాటి రాత్రి వందలకొలది పేర్లు పోవుచున్నట్లు కనబడినచో, ఊరిలో నంతమంది యొక్కసారి చచ్చిరని గాని భూములమ్ముకొనిరని గాని యర్థముగాదు. పట్టిక చెడినదని యర్థము. అట్టియెడ యంత్రము తనంతట నాగి, కార్యదర్శి సంతకమునకై వేచియుండునట్లు కట్టడి చేయవలయును.

నాలుగవది: పనికి వలసినంతయే పంపవలయును. ఎరువు బస్తా ఇచ్చుటకు విస్తీర్ణము చాలును. కుటుంబపు అప్పులెల్ల తెలియనేల? 2017లో సుప్రీముకోర్టు ఆంతరంగికత పౌరుని ప్రాథమిక హక్కని తీర్పుచెప్పినది. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత వివరముల రక్షణచట్టము, తన వివరములను దిద్దించుకొను హక్కును చెప్పినది. సమ్మతి యడిగినపుడు దేనికని మరల ప్రశ్నించుట రైతునకు తప్పుగాదు.

ఈ ప్రవాహములో నెల్లరకంటె ముందుగా జారిపోవువాడు కౌలురైతు. 2019 నాటి పంటసాగుదారుల హక్కుల చట్టముచే నతనికి లభించు కార్డు 11 నెలలు మాత్రమే చెల్లును. దానికిని భూస్వామి సంతకము వలయును. భూమి యొకనిది, పైరొకనిది, ఖాతా యొకనిది అయినచో, పట్టాదారు పేరునే తాళముగా నుంచుకొన్న పట్టిక యా కౌలుదారుని గుర్తింపజాలదు. మన ప్రాంతమున మామిడితోటను కాపుమీదనే యితరులకిచ్చు వాడుక గలదు గదా! ఎవని చేతిలో తోటయున్నదో, ఎవని పేర పైరు వ్రాయబడవలయునో ముందుగా తేల్చుకొననిచో నష్టము వచ్చిననాడు పరిహార మెవరిదో తేలదు. సంఘపు రిజిస్టరులో కౌలు సభ్యునకు వేఱుగ నొక గడి యుండవలయుననియు, కార్డు గడువు తీఱుటకు నెలముందే యతనికి తెలియజేయవలయుననియు మేము గట్టిగా కోరుచున్నాము.

పొరుగున జరిగినదియు మనకు పాఠమే. తెలంగాణమున 2020 అక్టోబరు 29న ధరణి యను పద్ధతి ప్రారంభమయ్యెను. రిజిస్ట్రేషనును, పేరుమార్పును వెంటవెంటనే యొకేచోట జరుగుట దాని మేలు. కాని పాతలెక్కలలోని తప్పులును దానితోపాటే లోనికి పోయినవి. 2020 నాటి చట్టము తహశీలుదారుని దిద్దుబాటు అధికారమును తొలగించుటచే చిన్నతప్పునకును పెద్ద ద్వారమునే తట్టవలసి వచ్చెను. తుదకు 2025లో భూభారతి చట్టము వచ్చి, అప్పీలుకు రెవెన్యూ డివిజనల్ అధికారిని, కలెక్టరును మెట్లుగా నేర్పఱచినది. వేగము మంచిదే, కాని దిద్దుబాటు దారి లేని వేగము తప్పునకే వేగమునిచ్చును.

ఊరు కదలకున్నను పట్టికలలో కదలుట గలదు. 2022 ఏప్రిల్ 4న క్రొత్తజిల్లాలు ఏర్పడినపుడు ముసునూరు మండలము కృష్ణాజిల్లానుండి ఏలూరు జిల్లాలోనికి చేరినది. పొలములు, తోటలు, తమ్మిలేరు ఎక్కడివక్కడనే యున్నవి. చిరునామా మాత్రము మాఱినది. పాత పుస్తకములో కృష్ణాయని, క్రొత్తదానిలో ఏలూరని యున్నచో ఇద్దఱు మనుష్యులని యంత్రము భ్రమపడకుండ చూచువారు మనుష్యులే.

కొందఱు కార్యదర్శులు, "ముందు వివరములన్నియు పోయుదము, తప్పున్నవారే వచ్చి చెప్పుకొందురు" అందురు. సిబ్బంది తక్కువ, గడువు దగ్గఱ యనుట నిజమే. వారి కష్టము మాకు తెలియును. కాని ఈ మాటలో నొక యన్యాయమున్నది. వచ్చి చెప్పుకొనువాడు చదువును, తీఱికయు, సెల్‌ఫోనును గలవాడు. తన ఆధార్‌కు ఎక్కడనో పట్టణమున నున్న కుమారుని ఫోనుసంఖ్య వ్రాయబడియుండగా, ఓటీపీ యను అంకె యతనికి పోవుచుండగా, ఇంటనున్న ముసలితల్లి యెవరితో చెప్పుకొనును? ముందు సరిచూచుటకు పదిదినములు పట్టిన పట్టవచ్చును. తరువాత దిద్దుటకు రైతునకొక ఋతువు పట్టును. ఆ ఋతువులో వడ్డీవ్యాపారి వాకిలి తెఱచియే యుండును.

కావున సంఘములు వివరములను పోయుటకు ముందు ఒక పరీక్షజాబితాను తీసి, బలివే శివరాత్రి తిరునాళ్లనాటికి ఆఫీసుగోడకు అంటింపవలయును. ఉగాది వఱకు అభ్యంతరములు వినవలయును. ఒక దినమున సభ్యుల నెల్లర పిలిచి, జాబితాను పైకి చదివి, ఒప్పినవాని నొప్పినట్లు, తప్పినవాని తప్పినట్లు మినిట్లలో వ్రాసికొనవలయును. అందఱి యెదుట అప్పుల మొత్తములు చదువ నక్కఱలేదు. పేరు, తండ్రి లేక భర్తపేరు, సర్వేనంబరు చాలును. ఏరువాకనాటికి మిగిలిన చిక్కుల జాబితా ఎంత చిన్నదైన సంఘమున కంత గౌరవము.

సభ్యులును తమ వంతు చేయవలయును. ఆధార్, పట్టాదారు పాసుపుస్తకము, బ్యాంకు పుస్తకము, సంఘపు పాసుపుస్తకము నాలుగింటిని ప్రక్కప్రక్కన పెట్టి, చదువుకొన్న బిడ్డచే పేరును అక్షరమక్షరము చదివించుకొనుడు. భేదమున్నచో పేరునకు ఆధార్ కేంద్రమునకును, భూమికి తహశీలుదారుని కార్యాలయమునకును, పైరునకు రైతు సేవా కేంద్రమునకును, ఖాతాకు బ్యాంకునకును పొండు; అర్జీ యిచ్చినందుకు రసీదు తీసికొనుడు. ఓటీపీని ఫోనులో నడిగినవా రెవ్వరికిని చెప్పకుడు.

సహకారసంఘము పుట్టినది మనిషిని మనిషి యెఱిగియుండుట యను నమ్మకముపై. 1904 నాటి మొదటి సహకార పరపతి చట్టమునుండియు సభ్యుల పరస్పర పరిచయమే దానికి హామీ. యంత్రము ఆ పరిచయమునకు తోడుగా రావలయును గాని బదులుగా రారాదు. రాబోవు మహాజనసభలో ఈ విషయమును కార్యక్రమమున చేర్చి, పై నియమములను తీర్మానరూపమున నంగీకరింపవలయునని సభ్యులను కోరుచున్నాము.