కోతలకు ముందే ఇండికేటర్లు బాగు చేయిద్దాం!

పాలకీడు మండల రైతులకు, ట్రాక్టర్ డ్రైవర్లకు, మెకానిక్‌లకు, స్పేర్‌పార్ట్స్ దుకాణదారులకు విజ్ఞప్తి

కోతలు మొదలైతే మన రోడ్ల సంగతి మీకు తెలియంది కాదు. మిషన్ ఇంకా చేలో ఉండగానే ట్రాలీలు నిండుతాయి. పచ్చి వడ్లు నిల్వ ఉంటే రంగు మారతాయని రాత్రికి రాత్రే నేరేడుచర్ల దాకా పోయి, 167వ జాతీయ రహదారి ఎక్కి మిర్యాలగూడ మిల్లుల దారి పడతాం. అదే రోడ్డు మీద సిమెంటు లారీలు, బస్సులు, ముగ్గురేసి ఎక్కిన బైకులు. జనవరిలో జాన్‌పహాడ్ ఉర్సుకు ఎక్కడెక్కడి బండ్లో వస్తాయి. మన డొంక దారి ఏ మలుపు దగ్గర చీలుతుందో వాళ్లకేం తెలుసు? ముందు పోయే ట్రాలీ ఉన్నట్టుండి కుడికి తిరిగితే, దాన్ని దాటబోతున్న బైకు నేరుగా ఇంజన్ కిందికే వస్తుంది.

"చెయ్యి చూపిస్తున్నాం కదా" అంటారు కొందరు. ట్రాలీలో లోడు తల ఎత్తున ఉన్నప్పుడు వెనకవాడికి డ్రైవరే కనపడడు, ఇక చెయ్యెక్కడ కనపడుతుంది? రేడియం స్టిక్కర్ మంచిదే, తప్పకుండా అంటించండి. కానీ అది ముందు బండి ఉందని చెబుతుంది తప్ప ఎటు తిరుగుతుందో చెప్పదు.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం ఇండికేటర్ కాషాయ పసుపు రంగులో, నిమిషానికి 60కి తగ్గకుండా, 120కి మించకుండా ఆరుతూ వెలగాలి. ఆ ఆరి వెలిగే పని చేసేది ఫ్లాషర్ రిలే, ఒక చిన్న డబ్బా. మామూలు రకం రెండు మూడు వందలలోపే దొరుకుతుంది. 2025-26లో ఏ గ్రేడ్ వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. ట్రాలీ లోడులో ఈ ఫ్లాషర్ ఖర్చు ఎన్ని కిలోలో మీరే లెక్కేసుకోండి.

మరి ఎందుకు బాగు చేయించడం లేదు? సోమరితనం కొంత, సరైన సామాను దొరక్కపోవడం చాలా వరకు. దుకాణంలో ఏది ఉంటే అది ఇస్తారు, పది రోజుల్లో అదీ పోతుంది, "ఇవి ఇంతే" అని వదిలేస్తాం. లెక్క చూడండి. ట్రాక్టర్‌కు ఒక వైపు ముందొకటి వెనకొకటి 21 వాట్ల బల్బులుంటే మొత్తం 42 వాట్లు. ట్రాలీ బల్బు కలిస్తే 63. రెండు బల్బులకే చేసిన ఫ్లాషర్ మీద మూడో బల్బు భారం వేస్తే అది వేడెక్కుతుంది, లేదా తాళం తప్పుతుంది. అందుకే కొత్తది కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకుని వెళ్లండి. దాని ఒంటి మీద 12 వోల్టులని, ఎన్ని వాట్ల బల్బులు ఎన్నింటికని రాసి ఉంటుంది. కాళ్లు రెండా మూడా చూసుకోండి. మూడు కాళ్ల ఎలక్ట్రానిక్ రకంలో మామూలుగా ఒకటి బ్యాటరీ కరెంటుకు, ఒకటి స్విచ్‌కు, ఒకటి ఎర్త్‌కు. అవి తారుమారైతే కొత్తది కూడా అక్కడికక్కడే మాడొచ్చు.

అసలు కొనే ముందు పోయింది ఫ్లాషరేనా అని చూడాలి. తాళం తిప్పి, ఇండికేటర్ ఒక పక్కకు వేసి, ఫ్లాషర్ ఊడదీసి, బ్యాటరీ వైరునూ స్విచ్ వైరునూ ఒక్క క్షణం చిన్న వైరు ముక్కతో కలపండి. ఎర్త్ వైరు జోలికి మాత్రం పోవద్దు. లైట్లు నిలకడగా వెలిగితే వైరింగ్ బాగానే ఉంది, పోయింది ఫ్లాషరే. వెలగకపోతే ఫ్యూజు, బల్బు, స్విచ్, ఎర్త్ చూడాలి. ట్రాలీలకు సగం రోగం ఎర్త్‌దే. కొక్కెం దగ్గర తుప్పు పడితే బల్బు మినుకుమినుకుమంటుంది, పాపం ఫ్లాషర్ మీద నింద పడుతుంది. అలాగే ఇండికేటర్ వడివడిగా కొట్టుకుంటోందంటే చాలాసార్లు ఒక బల్బు మాడిందని గుర్తు. మామూలు బల్బు తీసి ఎల్‌ఈడీ వేసినా అంతే. దానికి ఎల్‌ఈడీ ఫ్లాషరే వేయాలి.

మెకానిక్ అన్నలకు ఒక మాట. ఫ్లాషర్ లేదని వైర్లు డైరెక్ట్‌గా కలిపి పంపకండి. పైన చెప్పింది పరీక్ష వరకే. ఆరకుండా వెలిగే లైటును వెనకవాడు పార్కింగ్ లైటే అనుకుంటాడు. ఓనర్ తొందరపెట్టినా ఒప్పుకోవద్దు. నేరుగా పోవడానికి నాలుగు ఇండికేటర్లూ వేసుకునే డ్రైవర్ తమ్ముళ్లకూ ఇదే మాట: నాలుగూ వెలిగితే ఏ పక్కకూ సైగ ఇవ్వనట్టే.

దుకాణదారులు ట్రాలీ బల్బు భారాన్ని కూడా మోసే ఫ్లాషర్లు కోతలకు నెల ముందే తెప్పించి పెట్టాలి. చిన్న సామానుకు మిర్యాలగూడో కోదాడో పోవాలంటే రోజు కూలీ పోతుందని ఎవరూ కదలరు.

అధికారులను మేం అడిగేది జరిమానాలు కాదు. చలానా రాస్తే లైటు వెలగదు. యాసంగికీ, వానాకాలానికీ కోతలకు ముందు ఐకేపీ, సహకార సంఘాల కొనుగోలు కేంద్రాల దగ్గర ఒక పూట ఉచిత తనిఖీ పెట్టండి. ఒక ఆటో ఎలక్ట్రీషియన్, రెండు డబ్బాల బల్బులు, కొన్ని ఫ్లాషర్లు ఉంటే చాలు. సామాను డబ్బులు ఓనరే ఇస్తాడు. పంచాయతీలు ముందురోజు చాటింపు వేయించాలి, పోలీసు, రవాణా శాఖలు మనుషుల్ని పంపాలి. ట్రాలీ కాటా మీదికి వచ్చినప్పుడు కుడి ఎడమ ఇండికేటర్లు ఒకసారి వేసి చూపించమని కేంద్రం వాళ్లు అడగాలి. అర నిమిషం పని.

రైతన్నలారా, ఈ కాగితం జేబులో పెట్టుకుని మర్చిపోకండి. ఈ సాయంత్రమే ట్రాలీ తగిలించి, ఇండికేటర్ వేసి, వెనక్కి నడిచి వెళ్లి చూడండి. వెలగకపోతే లోడు ఎత్తకముందే బాగు చేయించండి.