ఎండ కబురు అందుతోంది.. పొగ కబురేదీ?

మార్చి దాటిందంటే మా కమలాపురంలో ఫోన్లకు ఎండ కబురు మొదలవుతుంది. ఫలానా మండలాల్లో వడగాలులు, మధ్యాహ్నం బయటికి వెళ్లొద్దు అంటూ రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ హెచ్చరిస్తుంది. మండలం పేరు చెప్పి మరీ చెప్పడంతో జనం పట్టించుకుంటున్నారు. మంచి పని. అయితే అవే రోజుల్లో పాలకొండల్లోనో, లంకమలలోనో, శేషాచలంలోనో అడవి అంటుకుంటుంది. రాత్రిపూట గువ్వలచెరువు ఘాట్ మీదుగా బస్సులో వచ్చేవాళ్లకు కొండ మీద ఎర్రటి గీతలా మంట కనిపించడం కొత్తేం కాదు. ఆ పొగ గురించి మాత్రం మనకు కబురు రాదు.

సమాచారం లేక కాదు. దెహ్రాదూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2004 నుంచి ఉపగ్రహాల సాయంతో అడవి మంటలను గుర్తించి హెచ్చరికలు పంపుతోంది. ఆ ఉపగ్రహ సమాచారాన్ని విశ్లేషించడంలో హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానిదీ పాత్రే. ఎండ, గాలి, తేమ లెక్కలు వాతావరణ శాఖ దగ్గరున్నాయి. గాలి నాణ్యత చూసేది కాలుష్య నియంత్రణ మండలి. ఇంటింటికీ వెళ్లే ఆశా కార్యకర్త ఆరోగ్య శాఖ మనిషి. ఎవరి పని వారు చేస్తున్నారు. మంట కబురు అటవీ సిబ్బంది ఫోన్ దాకా వెళ్లి ఆగిపోతోంది. మంట ఆర్పడానికి అది చాలు. పొగ పీల్చేవాడికి చాలదు.

ఒక వైద్యుడిగా నన్ను ఎక్కువ కలవరపెట్టేది రాత్రి వేళ. పగలు వేడికి పైకి లేచే పొగ, రాత్రి నేల చల్లబడ్డాక కిందికి దిగి లోయల్లో, కొండ పక్క ఊళ్లలో నిలిచిపోతుంది. సరిగ్గా అదే సమయానికి మనం మిద్దె మీద మంచాలు వేసుకుని పడుకుంటాం. తెల్లవారుజామున వాకింగ్‌కు బయల్దేరతాం. పొగలోని పీఎం 2.5 కణాలు ఊపిరితిత్తుల లోతుల్లోకి, అక్కడి నుంచి రక్తంలోకి చేరతాయి. ఆస్తమా ఉన్న పిల్లలకు ఆయాసం, గుండె జబ్బున్న పెద్దలకు ఛాతీలో నొప్పి. గర్భిణులకూ మంచిది కాదు. ఎర్రగుంట్ల వైపు సిమెంటు దుమ్ము పీల్చేవాళ్లకు ఇది అదనం.

ఇంకో చిక్కుంది. ఎండ జాగ్రత్తల్లో రాత్రి కిటికీలు తెరిచి పెట్టుకోమంటారు. పొగ జాగ్రత్తల్లో మూసెయ్యమంటారు. ఏసీ లేని ఇంట్లో ఆ ఇల్లాలు ఏది వినాలి? ఏ శాఖకు ఆ శాఖ విడిగా సలహా ఇస్తే ఇలాగే ఉంటుంది. అమెరికాలో పర్యావరణ సంస్థ, అటవీ శాఖ కలిసి మంటలు, పొగ ఒకే పటంలో జనానికి చూపిస్తున్నాయి. మన దగ్గర అంత హంగు అక్కర్లేదు. ఎండ సందేశంలోనే ‘ఈ రాత్రి మీ మండలంలో పొగ ఉండొచ్చు, ఆరుబయట పడుకోవద్దు’ అని ఒక్క వాక్యం చేర్చినా చాలు. ఆ వాక్యం రాయడానికి నాలుగు శాఖలు రోజూ మాట్లాడుకోవాలి, అంతే. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఆ బాధ్యత కలెక్టరేట్‌లో ఒక అధికారికి అప్పగించాలి.

ఉపగ్రహం ఒక్కటే అన్నీ చూడలేదు. మంటలను నిశితంగా పట్టే ఉపగ్రహాలు రోజుకు కొన్ని సార్లే మన మీదుగా వెళతాయి. సాయంత్రం నాలుగింటికి అంటుకున్న బోదగడ్డి వాటి కంట పడేసరికి అర్ధరాత్రి దాటొచ్చు. గొర్రెల కాపరి అంతకు ముందే చూస్తాడు. అతను ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఉండాలి. 2014 మార్చిలో శేషాచలం మంటలు తిరుమలను కలవరపెట్టినప్పుడు వాయుసేన హెలికాప్టర్లే దిగాయి. ప్రతి కొండకూ హెలికాప్టర్ రాదు కదా!

ఈలోగా మన జాగ్రత్త మనది. ఫారెస్ట్ సర్వే వెబ్‌సైట్‌లో మామూలు పౌరులూ పేరు నమోదు చేసుకుని తమ ప్రాంతం మంటల హెచ్చరికలు పొందవచ్చు. తడిగుడ్డ, తువ్వాలు ఈ సన్నటి కణాలను ఆపవు. ముఖానికి బిగుతుగా పట్టే ఎన్-95 మాస్కు కావాలి. కొండ మీద పొగ కనిపించిన రోజు మంచం లోపలికి చేర్చండి. ఆ రోజు ఇంట్లో ఊదుబత్తీ, దోమల చుట్టా వద్దు. ఆస్తమా పిల్లలకు రోజువారీ ఇన్‌హేలర్‌ను వేసవి సెలవుల్లోనూ మానిపించకండి. ‘బడి లేదు కదా’ అని ఆపేసి వచ్చే తల్లిదండ్రులను ఏప్రిల్‌లోనే ఎక్కువగా చూస్తుంటాను.