గోరు కాదు, వేలే పోతది

మా కొడిమ్యాల ఇంట్లో ఒక బూడిద రంగు పిల్లి ఉంది. పేరేం లేదు, "పిల్లీ" అంటే వస్తది. పోయిన దసరా సెలవుల్లో చిన్నాయన కొడుకు దాని తోక పట్టి గుంజితే చేతి మీద గీరింది. మూడు గీతలు, కొంచెం నెత్తురు. సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు నల్లా కింద కడిగి, వెంటనే సర్కారు దవాఖానకు తీసుకుపోయి రేబిస్ సూది వేయించాం. పిల్లి గీరినా రేబిస్ రావచ్చు, కుక్కకే అనుకోవద్దు.

ఇంటికి రాగానే పంచాయితీ. దాన్ని గోనె సంచిలో వేసి ఊరవతల వదిలేద్దామని చిన్నాయన. "ఇక్కడ ఆపరేషన్ చేసి గోర్లు తీసేస్తరు, అక్కడ చెయ్యరా?" అని వీడియో కాల్‌లో అమెరికా అక్క. నిజం చెప్పాలంటే అక్క మాట నాకు మొదట బాగానే అనిపించింది. తర్వాత చదివితే కడుపులో తిప్పింది. పిల్లి గోరు వేలి చివరి ఎముక నుంచి పెరుగుతుంది. మళ్ళీ మొలవొద్దంటే ఆ ఎముకనే కోసెయ్యాలి. అంటే మన వేళ్ళను పై కణుపు దగ్గర నరికినట్టు! ముందు కాళ్ళకే పది వేళ్ళు. 2019లో న్యూయార్క్ రాష్ట్రం దీన్ని నిషేధించింది, అమెరికాలో అదే మొదటి రాష్ట్రం. ప్రోగ్రామ్‌లో బగ్ ఉందని కీబోర్డు బటన్లు పీకేస్తామా?

పైగా మన దగ్గర పిల్లి సోఫా మీద బతికేది కాదు. కుక్కలు తరిమితే వేపచెట్టు ఎక్కాలి. ఇక కొండగట్టు పక్కన చదివే మనకు కోతుల గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. గోర్లు లేని పిల్లి వాటి మధ్య ఎన్ని రోజులుంటది?

చిన్నాయన మాట కూడా తప్పే. గీరిన పిల్లిని పది రోజులు కనిపెట్టుకొని ఉండాలి, దానికి జబ్బు ఉందో లేదో అప్పుడే తెలుస్తది. వదిలేస్తే ఎవర్ని చూస్తాం? అట్లని పిల్లోడి సూదులు ఆపొద్దు.

నేను చేసింది చిన్న పని. అది తిని నిద్రమత్తులో ఉన్నప్పుడు ఒళ్ళో పెట్టుకొని పంజా మెత్తగా నొక్కితే గోరు బయటికొస్తది. లోపల గులాబీ రంగు కనబడ్తది, అందులో నరం, నెత్తురు ఉంటాయి. దాన్ని ముట్టకుండా తెల్లటి మొన మాత్రమే నెయిల్ కట్టర్‌తో తీయాలి. మొదటి రోజు రెండు గోర్లకే పారిపోయింది. సరే అని వదిలేసిన, బలవంతం చేస్తే ఇంకోసారి చిక్కదు. ఇప్పుడు మూడు వారాలకోసారి. మొన పోయినా చెట్టు మామూలుగానే ఎక్కుతుంది.

నాయనమ్మ నులక మంచాన్ని గీరడం మాత్రం ఆగలేదు. అది పొగరు కాదు. గోరు మీది పాత పొర ఊడాలన్నా, ఒళ్ళు విరుచుకోవాలన్నా దానికి గీరక తప్పదు. అందుకే మంచం పక్కనే కదలకుండా ఒక మొద్దు పాతిన. మూడు రోజులు దాని వైపే చూడలేదు, నాలుగో రోజు లేస్తూనే దాని మీద పడింది. తమ్మునికి కూడా చెప్పినం, తోక ముట్టొద్దని, తినేటప్పుడు దగ్గరికి పోవద్దని.

చిన్నాయన ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. కాకపోతే ఆయన తెచ్చిన గోనె సంచి ఆ మొద్దుకే చుట్టి ఉంది.