చవక రైఫిలూ, ఆకురాయి పట్టిన ఇంజనీరూ

అమెరికాలో ఉన్న మన సాఫ్ట్‌వేర్ జనాలకి లీవర్ యాక్షన్ రైఫిల్ అంటే ఒక మోజు. 1971లో కృష్ణ గారు 'మోసగాళ్ళకు మోసగాడు' అని కౌబాయ్ టోపీ పెట్టి గుర్రమెక్కితే చూసి మురిసిపోయిన జాతి మనది, మోజు లేకపోతేనే ఆశ్చర్యం. ఉండనివ్వండి, తప్పులేదు. నా గొడవల్లా ఆ రైఫిల్ కొనేముందు మనవాళ్ళు చెయ్యని పని గురించీ, కొన్నాక చేసే పని గురించీ.

తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. ట్రిగ్గర్ చుట్టూ కడియంలా ఉండే లీవర్ని కిందికి లాగితే బోల్టు వెనక్కి జరిగి, పేలిపోయిన తూటా తొడుగు బయటపడుతుంది, హ్యామర్ లేచి నిలబడుతుంది. లీవర్ని మళ్ళీ పైకి మూస్తే బారెల్ కింది గొట్టంలోంచి వచ్చిన కొత్త తూటా ఛాంబర్లోకి దూరుతుంది. అంతే. బ్యాటరీ లేదు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ లేదు.

ఇక మొదటి రకం మేధావులు. "చవకది కొంటే చెత్తే, కొంటే పేరున్నదే కొనాలి" అంటారు. అయ్యా, జాన్ బ్రౌనింగ్ అనే మహానుభావుడు విన్‌చెస్టర్ కంపెనీకి 1892 మోడల్ డిజైన్ చేసిచ్చాడు. బ్రెజిల్ వాళ్ళు రోసీ ఆర్92 పేరుతో ఇప్పటికీ చేస్తున్నది ఆ డిజైన్నే. వెయ్యి డాలర్ల లోపు దొరుకుతుంది. ధర తగ్గేది ఎక్కువగా చేతిపని దగ్గర. లోపలి అంచులు నున్నగా చెయ్యరు, స్ప్రింగులు కాస్త బండగా పెడతారు. కొత్తలో లీవర్ తోస్తుంటే ఇసక పడ్డ గేటు లాగినట్టుంటుంది. అది డిజైన్ లోపం కాదు, ఫినిషింగ్ లోపం. రెంటికీ తేడా మనకి తెలియాలి కదా!

సరే, పేరున్న బ్రాండు సంగతి చూద్దాం. మార్లిన్ కంటే పెద్ద పేరా? ఆ కంపెనీని 2007 చివర్లో రెమింగ్టన్ కొనడానికి ఒప్పందం చేసుకుంది. తర్వాత కనెక్టికట్‌లోని నార్త్ హేవెన్ ఫ్యాక్టరీ మూసేసి, లీవర్ రైఫిళ్ళ పనిని న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలియన్‌కి తరలించింది. మిషన్లు లారీలెక్కాయి గానీ, వాటిని దశాబ్దాలుగా మచ్చిక చేసుకున్న పనివాళ్ళ చేతులు లారీ ఎక్కవు కదా. ఆ తర్వాత వచ్చిన సరుకు చూసి జనం వెటకారంగా 'రెమ్లిన్' అని పేరు పెట్టారు. బారెల్ మీద మాత్రం అదే పాత పేరు! 2020లో రెమింగ్టన్ దివాలా తీస్తే మార్లిన్‌ని రూగర్ కొనుక్కుంది. తీరుబడిగా అన్నీ సర్దుకుని 2021 చివర్లో గానీ మొదటి రైఫిల్ బయటికి పంపలేదు. నాలుగు రోజుల కేటీ సెషన్లతో పదేళ్ళ ప్రాజెక్టు చేతులు మార్చే మనకి ఈ కథ విడమరిచి చెప్పాలా?

కాబట్టి పేరుని కొనకండి, చేతిలో ఉన్న ఆ ఒక్క రైఫిల్ని కొనండి. షాపులో అడిగి, ఖాళీగా ఉందని మీ కళ్ళతో చూసుకుని, గొట్టం మనుషుల వైపు లేకుండా పట్టుకుని లీవర్ పదిసార్లు ఆడించండి. వెనక నుంచి చూసి ముందు సైటు నిటారుగా ఉందో, ఒక పక్కకి ఒరిగిందో గమనించండి. కర్రకీ ఇనుముకీ మధ్య సందులెంత ఉన్నాయో చూడండి. బారెల్ లోపల లైటు వేయించుకుని చూడండి. నచ్చకపోతే "ఇదే మోడల్ ఇంకోటి చూపించు" అనండి. చీర కొనేటప్పుడు ముప్పై మడతలు విప్పించే జాతికి ఇక్కడ మొహమాటం ఎందుకు?

రెండో రకం వాళ్ళు ఇంకా ప్రమాదం. రైఫిల్ ఇంటికి రాగానే నాలుగు వీడియోలు చూసి, అదే రాత్రి ఆకురాయి పట్టుకుని కూర్చుంటారు. ఆఫీసులో "ప్రొఫైల్ చెయ్యకుండా ఆప్టిమైజ్ చేస్తావా?" అని జూనియర్లని వాయించేది కూడా వీళ్ళే!

ముందు ఫ్యాక్టరీ గ్రీజంతా తుడిచి, శుభ్రం చేసి, పల్చగా నూనె రాయండి. డమ్మీ తూటాలతో కొన్ని వందల సార్లు ఆడించండి. రేంజికి తీసుకెళ్ళి ఓ రెండొందల తూటాలు కాల్చండి. ఎక్కడ పట్టేస్తోందో కాగితం మీద రాయండి. సగం గరుకుదనం దానంతటదే పోతుంది. మిగిలింది అప్పుడు చూడండి. తొడుగుని విసిరే ఎజెక్టర్ స్ప్రింగు గట్టిగా ఉంటే కాస్త మెత్తనిది దొరుకుతుంది, తూటాలు నింపే తలుపు స్ప్రింగూ అంతే. ఒకసారికి ఒక్క మార్పు, వెంటనే టెస్టు.

నున్నగా చెయ్యడం వేరు, అరగదియ్యడం వేరు. చాలా భాగాలకి గట్టిదనం పైపొరలోనే ఉంటుంది. అది దాటి గీకితే కింద మెత్తటి ఉక్కు, ఏడాదిలో అరిగి కూర్చుంటుంది. ఉక్కుకి రోల్‌బ్యాక్ లేదు బాబూ. హ్యామర్ స్ప్రింగు మరీ మెత్తబెడితే తూటా పేలక క్లిక్ మని ఊరుకుంటుంది. అలా ఊరుకున్నప్పుడు లీవర్ లాగెయ్యకుండా, గొట్టం టార్గెట్ వైపే ఉంచి కనీసం ముప్పై సెకన్లు ఆగాలి, ఆలస్యంగా పేలొచ్చు. ఈ ముక్క చెప్పకుండా స్ప్రింగులు కొయ్యడం నేర్పేవాళ్ళని ఏమనాలి?

ఇక హ్యామర్ని పట్టి ఉంచే గాటు, దాన్ని వదిలే సియర్.. వీటి జోలికి పోవద్దు. "ట్రిగ్గర్ వెన్నలా ఉండాలి" అని ఆ కోణం కాస్త మార్చారంటే, రైఫిల్ కింద పడ్డప్పుడో హ్యామర్ మీద దెబ్బ తగిలినప్పుడో దానంతటదే పేలుతుంది. అది తుపాకీలు బాగుచేసే గన్‌స్మిత్ పని, డబ్బులిచ్చి చేయించుకోండి. రోసీ బోల్టు పైన ఉండే చిన్న సేఫ్టీ మీట అందంగా లేదని పీకేసే సరదా ఒకటి. మా తాతల రైఫిళ్ళకి ఉండేది కాదంటారు. తాతల కార్లకి సీటుబెల్టూ ఉండేది కాదు. పిల్లలు తిరిగే ఇంట్లో అందం ముఖ్యమా?

అన్నిటికంటే ముఖ్యమైనది, మనవాళ్ళు తేలిగ్గా తీసుకునేది ఇది. హెచ్1బి, ఎఫ్1 లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మినహాయింపుల్లో మనకి తగిలేది ఒకటుంది, హంటింగ్ లైసెన్సు. దాన్ని డిస్కౌంట్ కూపన్‌లా చూస్తున్నారు. టెక్సస్‌లో ఆ ఏడాది లైసెన్సు ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబర్ 1న మీ బీరువాలో ఉన్నదేమిటి? ఉద్యోగం పోతే హెచ్1బికి ఉండే గడువు మహా అయితే 60 రోజులు. అది దాటి స్టేటస్ పోయిందా, లైసెన్సు ఉన్నా లాభం లేదు. 2022 నుంచి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళు, పైగా దేశం నుంచి పంపించెయ్యడం.

"కొనను, రేంజిలో అద్దెకి తీసుకుని కాలుస్తా" అంటారా? 2019లో సుప్రీంకోర్టు తేల్చిన రెహైఫ్ కేసు చదవండి. స్టూడెంట్ వీసా మీద వచ్చి, మార్కులు రాక యూనివర్సిటీ తీసేసిన కుర్రాడు రేంజికెళ్ళి కాల్చాడు. దానికే శిక్ష పడింది. తన స్టేటస్ సంగతి అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చెయ్యాలంటూ 7-2 తేడాతో కోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. ఐ-94 తేదీ నిద్రలో లేపినా చెప్పే మనం "తెలియదండీ" అంటే ఎవరు నమ్ముతారు? ఇండియాలో ఉన్నవాళ్ళకైతే 1959 నాటి ఆయుధాల చట్టం ఉంది, లైసెన్సు లేనిదే అసలు మాటే లేదు.

చవక రైఫిల్ కొనండి, సిగ్గుపడక్కర్లేదు. మిగిలిన డబ్బు తాళం వేసే ఇనప పెట్టెకీ, తూటాలకీ, ఒక రోజు మంచి శిక్షణకీ పెట్టండి. వీసా ఊగిసలాడుతున్న ఏడాది మాత్రం ఆ షాపు గుమ్మం ఎక్కకండి. పిచ్చివాడి చేతిలో రాయి అని ఊరికే అనలేదు. ఆ రాయి ఆకురాయైనా సరే.