ఇరవైయారు అంకెలు

మన బెంగుళూరులో పుట్టిన శకుంతలాదేవిగారు 1980 జూన్ 18న లండను ఇంపీరియల్ కాలేజీలో 76,86,36,97,74,870ని 24,65,09,97,45,779తో నోటిలెక్కనే గుణించి, 28 సెకన్లలో 1,89,47,66,81,77,99,54,26,46,27,73,730 అన్నారు.

గుమాస్తా బుద్ధి ఊరుకోదు గదా! తొమ్మిదులు తీసివేసి చూచినాము. మొదటిదాని అంకెల మొత్తం 78, శేషం 6. రెండవదానికి 74, శేషం 2. ఆరు రెళ్ళు పన్నెండు, తొమ్మిది పోగా 3. జవాబు అంకెల మొత్తం 138, శేషం అదే 3.

"ఒప్పేగా నాన్నా?" అన్నది మా అమ్మాయి.

కాదమ్మా. అంకెలు తారుమారైనా మొత్తం మారదు. వెనుక మేము 54ను 45గా ఎక్కించి, ఆ 9 రూపాయల కోసం మూడు రాత్రులు లెడ్జరు ముందు కూర్చున్నాము.

ఇక తిన్నగా గుణించడమే. పన్నెండు వరుసలలో నాలుగు పూర్తియైనవి.